హైస్కూల్లో మా పాప మొదటి మూడు నెలలు

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం, బస్సు దిగిన పాప భుజం మీంచి బడి సంచి అందుకున్నాను. పొద్దున ఎంత బరువుందో అంతే బరువుంది. పక్క జేబులోంచి స్టీలు సీసా తీసి ఊపాను. చప్పుడు రాలేదు. నీళ్లు మూతి దాకా అలాగే ఉన్నాయి.

"తాగలేదేంటమ్మా?" అంటే "దాహం వెయ్యలేదు" అంది. పెదాలు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. ఇంటికి రాగానే సంచి అరుగు మీద పడేసి, చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పరుగెత్తింది. ముందు రోజూ అంతే చేసింది. ఆ ముందు రోజూ అంతే. కృష్ణా జిల్లాలో జూన్ ఎండకి పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా దాహం వెయ్యని పిల్ల ఉంటుందా? మూడో రోజు గానీ నాకు అనుమానం రాలేదు. అప్పటిదాకా నా టెన్షనంతా హిందీ గురించి, ఇంగ్లీషు పాఠాల గురించి.

మాది కాలవ గట్టు మీద చిన్న ఊరు. నేను బట్టలు కుడతాను. జాకెట్లు, లంగాలు, జూన్ వచ్చిందంటే బడి పిల్లల యూనిఫాంలు. మా ఆయన పాల వ్యాను నడుపుతారు, తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లిపోతారు. ఇంట్లో మా అత్తయ్య, నేను, పాప. మా వీధి చివర మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఐదు దాకా అక్కడే చదివింది. ఐదో తరగతిలో మొత్తం ఏడుగురు పిల్లలు. ఇద్దరే టీచర్లు. మా పాప ఒక్క పూట దగ్గితే మధ్యాహ్నానికి టీచరమ్మ నాకు ఫోన్ చేసేది. గంట కొట్టాక ఇంట్లోంచి బయలుదేరినా ప్రేయర్‌కి అందుకునేది. అలాంటి చోటి నుంచి ఐదు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకి వెళ్లాలి. అక్కడ ఒక్క ఆరో తరగతిలోనే రెండు సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌లో నలభై పైచిలుకు పిల్లలు.

ప్రైవేటు స్కూలు వ్యాను మా ఇంటి ముందే ఆగుతుంది. అందులో వేద్దామని మా ఆయన అన్నారు. నేనే వద్దన్నాను. నేను టెన్త్ దాకా చదివింది ఆ హైస్కూల్లోనే. అక్కడ ఒక్కో సబ్జెక్టు చెప్పడానికి ఒక్కో మాస్టారు ఉంటారు, పెద్ద గ్రౌండు ఉంది, నాకు ఆ బడి మీద నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. ఆ మూడు నెలల్లో నాలుగైదు సార్లు మాత్రం గట్టిగా ఊగింది.

చేర్చడం పెద్ద పని కాలేదు. ప్రాథమిక బడి నుంచి రికార్డు షీటు తీసుకున్నాం, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు ఇచ్చాం, అంతే.

బడి తెరవడానికి వారం ముందు పాపని తీసుకుని బస్సెక్కాను. సెలవుల్లోనే ఒకసారి దారి చూపిద్దామని. పల్లెవెలుగు ఎక్కడ ఆగుతుంది, ఏ పక్క నిలబడాలి, నీళ్ల ట్యాంకు కనపడగానే లేచి తలుపు దగ్గరికి ఎందుకు రావాలి, రోడ్డు ఎక్కడ దాటాలి, అన్నీ చూపించాను. దాటే చోట నేను చెయ్యి పట్టుకోలేదు. తనే చూసుకుని, తనే చెప్పి, తనే నడవాలన్నాను. రెండుసార్లు అటూ ఇటూ దాటించాను. బడి గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగితే లోపలికి వెళ్లనిచ్చాడు. ఆరో తరగతి గదులు, హెడ్మాస్టరు గది, కుళాయిలు, భోజనాలు పెట్టే వరండా చూశాం. నేను కూర్చున్న గది కిటికీ చూపించాను. పాప ఆ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసి "ఎన్ని బల్లలో!" అంది.

మరుగుదొడ్ల వైపు గ్రిల్లుకి తాళం వేసి ఉంది. సెలవులు కదా అనుకుని వెనక్కి తిరిగాం. ముందు చూడాల్సింది అదేనని అప్పుడు తట్టలేదు.

2025 జూన్ 12, గురువారం బడి తెరిచారు. ఆ రోజే తల్లికి వందనం డబ్బులు, అంటే బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే డబ్బులు, వేస్తున్నారని ఊరంతా అదే మాట. అందులోంచి పాపకి రెయిన్‌కోటు, మూత గట్టిగా పట్టే స్టీలు సీసా కొన్నాను. బడిలో ఇచ్చిన విద్యార్థి మిత్ర కిట్టులో సంచి, బూట్లు, బెల్టు, నోటు పుస్తకాలు, మూడు జతలకి యూనిఫాం బట్ట ఉన్నాయి. ఆరో తరగతి వాళ్లకి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కూడా ఇచ్చారు. అంత లావు పుస్తకం తన సొంతమని పాప దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంది.

మొదటి రోజు గేటు దాకా నాతో వచ్చింది. లోపల వందల మంది పిల్లలు. పదో తరగతి అబ్బాయిలు కొందరు మా ఆయనంత ఎత్తున్నారు. నా చెయ్యి వదిలి నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. నేను నవ్వాను. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే చొక్కాకి కుడి చెయ్యి ఎడమ పక్క వేసి కుట్టేశాను. మళ్లీ విప్పుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం "ఏం జరిగిందమ్మా బళ్లో?" అని అడిగితే "ఏం లేదు." "ఏం చెప్పారు?" "ఏం చెప్పలేదు." "ఎవరి పక్కన కూర్చున్నావు?" "ఎవరో." నాలుగు రోజులు ఇంతే. ఐదో తరగతి దాకా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పడుకునే దాకా బడి కబుర్లే చెప్పిన పిల్ల ఇది. మా ఆయన "రెండు రోజులు పోతే అదే అలవాటవుద్దిలే" అన్నారు. నాకు నిద్ర పట్టలేదు.

మాట బయటికొచ్చింది మిషను దగ్గర. జూన్‌లో నాకు ఊపిరాడదు. ఊళ్లో పిల్లలందరి యూనిఫాంలూ నా దగ్గరికే వస్తాయి, ఇంటి పిల్లవి అందరికన్నా వెనకే కుడతాను. రాత్రి భోజనాలయ్యాక నేను కుడుతుంటే పాప కింద కూర్చుని గుండీలు కుట్టడం, మిగిలిపోయిన దారాలు కత్తిరించడం చేస్తుంది. ఆ రాత్రి నేనేమీ అడగలేదు. చొక్కా కాలరు తిప్పుతూ తల దించుకుని ఉన్నాను. తనూ గుండీ మీదే చూపు పెట్టి ఉంది. కాసేపటికి తనే "అమ్మా, ఈ బళ్లో నన్నెవరూ పేరు పెట్టి పిలవట్లేదు" అంది.

నేను కాలు ఆపలేదు. ఆపితే మాట ఆగిపోతుందనిపించింది. మిషను నెమ్మదిగా తొక్కుతూనే ఊఁ కొట్టాను. గంట గంటకీ ఒక సారు వెళ్లి ఇంకో సారు వస్తారట. ఎవరికీ పేర్లు రావట. "ఏయ్ రెండో బెంచీ" అంటారట. తను చెయ్యెత్తినా చూడలేదట. వాళ్లనీ తప్పు పట్టలేం. రోజుకి ఎన్ని సెక్షన్లు, ఎన్ని వందల మొహాలు! కానీ ఐదేళ్లు ఏడుగురిలో ఒకతెగా పెరిగిన పిల్లకి ఆ మాట ఎలా ఉంటుందో కూడా నేను చూడాలి కదా.

ఆ రోజు నుంచి నేను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం మానేశాను. ఏదో ఒక పని చేతిలో పెట్టి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. మినుములు ఏరడమో, హుక్కులు కుట్టడమో. మొహాలు చూసుకోనప్పుడు పిల్లలు చాలా చెబుతారు. అడగాల్సి వస్తే చిన్న ప్రశ్నే అడిగేదాన్ని. "ఇవాళ పులిహోరలో పల్లీలు వేశారా?" అంటే చాలు. పల్లీల నుంచి భోజనాల లైను, లైనులో తోసిన అబ్బాయి, కంచం కడిగే కుళాయి దగ్గర గొడవ, అన్నీ వచ్చేవి.

అలాగే ఒక రాత్రి సీసా సంగతి కూడా బయటపడింది.

చిన్న బళ్లో ఒంటికి వెళ్లాలంటే టీచరమ్మకి చిటికెన వేలు చూపిస్తే చాలు, పరుగెత్తి ఇంటికే వచ్చి వెళ్లేది. ఇక్కడ లేచి నిలబడి, ఇంగ్లీషులో అడగాలి. ఆ పీరియడ్‌లో ఉన్నది సారు. పక్క వరసల్లో ఇరవై మంది అబ్బాయిలు. రెండో రోజు ఒకమ్మాయి తప్పుగా అడిగితే అందరూ నవ్వారట. ఇంటర్వెల్‌లో వెళ్దామంటే పెద్ద క్లాసుల అక్కలు ముందు నిలబడతారు, పది నిమిషాల్లో తన వంతు రాదు. వచ్చినా, ఒక తలుపుకి లోపల గడియ లేదు. అందుకని పాప తనకు తోచిన ఉపాయం తనే పట్టింది. నీళ్లు తాగకపోతే సరి.

పదకొండేళ్ల పిల్ల ఎవరికీ చెప్పకుండా దినమంతా నోరు కట్టుకుని కూర్చుంది. అది విన్నప్పుడు నా గుండె పిండేసినట్టయింది.

అయినా నేను చేసిన మొదటి పని తప్పు. "అందులో సిగ్గెందుకే, అడగాలి కదా, ఒంట్లో వేడి చేస్తుంది, మంట పుడుతుంది" అని అరగంట చెప్పాను. పాప గుండీల డబ్బా మూసేసి వెళ్లి ముసుగు పెట్టుకుంది. రెండు రోజులు మిషను దగ్గరికి రాలేదు. దారి చూపించింది మా అత్తయ్య. ఆవిడ బడి మొహం చూడలేదు. "అమ్మాయ్, అది ఎవరితో కలిసి వెళ్తుంది?" అని అడిగింది. "ఆడపిల్లలు బావికైనా దొడ్డికైనా జతగానే వెళ్తారు. దానికి ముందు జత కుదరాలి."

నిజమే. పాప చిన్న బళ్లో ఏడుగురిలో ఇద్దరు ప్రైవేటుకి వెళ్లారు, ఒకడు గురుకులంలో చేరాడు, మిగతా వాళ్లలో ఈ సెక్షన్‌లోకి వచ్చింది తనొక్కతే. ఎవరి పక్కన కూర్చుంటున్నావంటే ఆఖరికి తెలిసింది, పక్క ఊరి పిల్లట. అదే బస్సులో రెండు స్టాపుల తర్వాత ఎక్కుతుందట. మర్నాడు పాప బాక్సులో రెండు సున్నుండలు ఎక్కువ పెట్టాను. "ఆ పిల్లకి ఒకటివ్వు, పేరడుగు" అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. సాయంత్రం పేరుతో పాటు వాళ్ల గేదె ఈనిందన్న కబురు కూడా వచ్చింది. వారం తిరిగేసరికి బస్సులో ఒకరికొకరు సీటు పట్టుకుంటున్నారు.

ఇంగ్లీషులో అడగడం కూడా ఇంట్లో నేర్పాను. నేను సారుని, పాప స్టూలు మీద కూర్చున్న విద్యార్థిని. "మే ఐ గో టు ది వాష్‌రూమ్, సార్?" మొదట గొంతు పెగల్లేదు. నాలుగో రోజుకి నేను వినపడనట్టు నటించి "ఆఁ?" అంటే, మళ్లీ గట్టిగా అనగలిగింది. సారు వినిపించుకోకపోతే రెండోసారి అడగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. డిక్షనరీ తీసి పర్మిషన్ అనే మాటకి అర్థం వెతికింది. అనుమతి అని ఉంది. "అనుమతి ఇవ్వకపోతే?" అంది. "ఇవ్వకపోతే నాకు చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను" అన్నాను.

గడియ మాత్రం పిల్ల నేర్చుకుంటే వచ్చేది కాదు. జులై 10న రాష్ట్రమంతా బళ్లలో మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. గురు పౌర్ణమి కూడా ఆ రోజే. తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగే పోటీ, మొక్కలు నాటడం, భోజనాలు, సందడిగా ఉంది. నేను ముగ్గు వెయ్యలేదు. పాప క్లాసు టీచర్ మేడం ఒంటరిగా దొరికే దాకా వరండాలో నిలబడ్డాను. ఫిర్యాదులా కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పాప నీళ్లు తాగట్లేదు, కారణం ఇదీ అని. మేడం కాసేపు మాట్లాడలేదు. "నాకు ఎవరూ చెప్పలేదండీ" అంది. ఆ గొంతులో బాధ నాకు వినిపించింది. అప్పుడే ఇంకో ఇద్దరు తల్లులు "మా పిల్లా ఇంతేనండీ" అన్నారు. అందరి ఇళ్లలోనూ సీసాలు నిండుగానే తిరిగొస్తున్నాయన్న మాట. ఎవరికి వాళ్లం మా పిల్లే మొండిదనుకుంటున్నాం.

బిల్లు, మంజూరు అంటూ కూర్చుంటే దసరా వచ్చేస్తుంది. మేము ముగ్గురం తలా కొంత వేసుకుని, హెడ్మాస్టరు గారిని అడిగి, ఆ వారంలోనే మా ఊరి వడ్రంగిని పంపించాం. రెండు గడియలు, ఒక కొక్కెం బిగించి వచ్చాడు. మేడం కూడా ఊరుకోలేదు. ఆడపిల్లలు పాఠం మధ్యలో అయినా అడగక్కర్లేదు, లేచి వెళ్లొచ్చని క్లాసులో అందరి ముందూ చెప్పింది. మిగతా సార్లకీ చెప్పింది. పాపని పేరు పెట్టి పిలవడం కూడా ఆ రోజు నుంచే మొదలైంది. ఆ సాయంత్రం సంచి అందుకుంటే సీసాలో నీళ్లు గలగలమన్నాయి. సగం తాగింది.

సంచి బరువు ఇంకో సంగతి. టైంటేబులు తప్పిపోతుందేమోనని పాప అన్ని పుస్తకాలూ రోజూ మోసేది. ఒక రోజు కిరాణా కొట్టులో కాటా మీద పెట్టి తూయించాను. ఆరున్నర కిలోలు. పాప బరువు 31 కిలోలు. పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని కేంద్రం 2020లో బడి సంచుల మీద ఇచ్చిన విధానంలో ఉంది. ఆ లెక్కన మూడు కిలోలే. బీరువా తలుపు మీద టైంటేబులు అతికించాం. ఒక్కో సబ్జెక్టు పుస్తకాలకీ నా దగ్గరున్న ముక్కగుడ్డల్లోంచి ఒక్కో రంగు గుడ్డతో అట్ట తొడుగులు కుట్టాను. లెక్కలు నీలం, హిందీ ఎరుపు. టైంటేబులు గడుల్లో అవే రంగులు వేసింది. రాత్రి పడుకునే ముందు రంగు చూసి సర్దుకుంటే సంచి నాలుగు కిలోలకి దిగింది. మూడుకి రాలేదు. నోటు పుస్తకాలు ఉన్నాయి కదా.

ఇక హిందీ. మన దగ్గర సర్కారు బళ్లలో హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో. పెద్ద పిల్లలు బస్సులో "హిందీకి టెన్త్‌లో 20 వస్తే పాసే, చదవక్కర్లేదు" అని చెప్పారట. మిగతా వాటికి 35, దీనికి 20 అన్నది నిజమే. కానీ మొదలుపెట్టక ముందే వదిలేయడం నేర్పే మాట అది. నాకు అస్సలు నచ్చలేదు.

నేను చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ల ప్రాథమిక పరీక్ష రాశాను. 1918లో గాంధీగారు మద్రాసులో మొదలుపెట్టిన సభ అది. మా హిందీ మాస్టారు సాయంత్రాలు ఉచితంగా చెప్పి రాయించేవారు. ఆయన చెప్పిన పద్ధతే పాపకి చెప్పాను. అక్షరాల వరస మనదే. క ఖ గ ఘ, చ ఛ జ ఝ. కొత్తగా బట్టీ పట్టక్కర్లేదు. తెలుగు వరస రాసుకుని కింద హిందీ అక్షరం పెట్టుకుంటూ పో. వాళ్లకి మనలా ఎ, ఏ అని పొట్టీ పొడుగూ వేరుగా లేవు, ఒక్కటే. అది విని పాపకి కొంచెం ధైర్యం వచ్చింది.

చిక్కంతా పైన గీత దగ్గర. పాప ముందు స్కేలు పెట్టి బారుగా గీత గీసి, ఉతికిన బట్టలు దండెం మీద ఆరేసినట్టు ఒక్కో అక్షరాన్నీ దానికి వేలాడదీసేది. పేజీ రాయడానికి గంట. ఒక రాత్రి నేను అంచు కుడుతుంటే చూపించాను. ముందు గుడ్డంతా మడుస్తాను, తర్వాత ఒకే పోటున కుట్టు వేస్తాను. మాట మొత్తం రాసెయ్యి, గీత చివర్లో ఒక్కసారిగా లాగు. రెండు మూడు మాటలు రాసి చూసి "కుట్టు వేసినట్టే ఉంది" అంది. అప్పటి నుంచి హిందీ గీత గీసేటప్పుడు నోటితో మిషను చప్పుడు చేస్తుంది.

కుర్చీ ఆడది ఎలా అవుతుందో మాత్రం ఇంకా ఒప్పుకోదు. మనకి బల్లయినా కుర్చీ అయినా "అది". అక్కడ మేరీ కుర్సీ, మేరా ఘర్. మాట ఒక్కటే నేర్చుకోవద్దు, ముందు మేరానో మేరీనో తగిలించి నేర్చుకో అన్నాను. ఆగస్టులో మొదటి ఫార్మేటివ్ పరీక్షల్లో హిందీలో సగం మార్కులు కూడా రాలేదు. పేపరు దాచకుండా తెచ్చి నా మిషను మీద పెట్టింది. దాచనందుకు నాకు సంతోషం వేసింది, ఆ మాటే తనకి చెప్పాను. తప్పులు మర్నాడు చూసుకున్నాం.

యూనిఫాం సంగతి చెప్పలేదు. పాప జతలు జూన్ ఆఖరికి కుట్టాను. పక్క కుట్టులో, బయటికి కనపడకుండా, లోపలి జేబు ఒకటి పెట్టాను. అందులో ఇరవై రూపాయల నోటు, నా ఫోన్ నంబరు రాసిన కాగితం. జులైలో ఆ జేబులోకి ఇంకొకటి చేరింది. ఆరో తరగతిలోనే పెద్దమనిషి అయ్యే పిల్లలు ఉంటారు. మా అమ్మ నాకు ముందుగా ఏమీ చెప్పలేదు. తొమ్మిదో తరగతిలో, బళ్లో ఉండగా, దెబ్బ తగిలిందనుకుని బెదిరిపోయాను. నా కూతురికి అలా కాకూడదు. చిన్న గుడ్డ సంచి కుట్టి, అందులో ఒక ప్యాడు మడిచి పెట్టి, ఎలా వాడాలో చూపించాను. ఇది భయం కాదు, జబ్బు కాదు, ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి దగ్గరుంచుకోవడం అంతే అని చెప్పాను. ఏ మేడంని అడగాలో కూడా ఇద్దరం అనుకున్నాం. పాప శ్రద్ధగా విని "అమ్మా, సంచికి గుండీ నేను కుడతాను" అంది.

ఇరవై రూపాయల నోటు ఆగస్టు చివర్లో అక్కరకొచ్చింది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక మా రూట్లో జనం బాగా పెరిగారు. పనులకి వెళ్లే వాళ్లకి అది ఎంతో మేలు, నాకూ మేలే, బజారుకి వెళ్లి దారాలు తెచ్చుకుంటున్నాను. కానీ సంచి వేసుకున్న చిన్నపిల్ల ఆ నిలువు జనంలోంచి తలుపు దాకా రావడం కష్టం. ఒక వాన సాయంత్రం పాప మా స్టాపులో దిగలేకపోయింది. నేను గొడుగు పట్టుకుని నిలబడి ఉండగానే బస్సు వెళ్లిపోయింది. తర్వాత ఊళ్లో దిగి, కొట్టు దగ్గరికి వెళ్లి, కాగితం చూపించి ఫోన్ చెయ్యమందట. నేను ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి కొట్టు బల్ల మీద కూర్చుని ఉంది. రెయిన్‌కోటు వేసుకుని, పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు కొనుక్కుని తింటోంది. ఏడవలేదు. నన్ను చూసి "ఫోన్ చేసినందుకు ఆవిడ డబ్బులు తీసుకోలేదమ్మా, అందుకే బిస్కెట్లు కొన్నాను" అంది. ఆటోలో వస్తూ నేనే దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి తనే ఒక మాట అంది, రేపట్నుంచి నీళ్ల ట్యాంకు కాదు, అంతకుముందు రామాలయం రాగానే లేస్తానని.

దసరా సెలవులకి ముందు ఆదివారం నేను పండగ జాకెట్లలో మునిగి ఉన్నాను. ఆ పక్క ఊరి పిల్ల వాళ్ల అమ్మతో వచ్చింది. మూడో జత యూనిఫాం బట్ట ఇంకా కుట్టించలేదట, కొలతలు తీసుకోమని తెచ్చారు. పిల్లలిద్దరూ పెరట్లో జామచెట్టు దగ్గరున్నారు. నేను టేపు తీసుకుని పిలిచాను. నడుము, పొడుగు, భుజం కొలుస్తుంటే పాప వచ్చి నా పక్కన కూర్చుని కొలతల పుస్తకంలో అంకెలు రాసింది. రాయడం అయ్యాక, వాళ్లమ్మకి వినపడకుండా నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, దానికీ లోపలి జేబు పెట్టు. చిన్న సంచి నేను కుట్టి ఇస్తాను."